పేరు పాట చెరిపిన రోజు

మా ఆడపడుచు ఒకసారి విజయవాడ నుంచి ఫోన్ చేసి, మాటల మధ్యలో, "వదినా, పిల్లలకి కథలు చెప్పినందుకు కూడా ఆ దేశంలో జీతమిస్తారా?" అని అడిగింది. ఇస్తారు. కాకపోతే కథలకు కాదు, మిగతా పనులకు. తివాచీ మీద వాంతి తుడిచినందుకు, ఒకే బొమ్మల పుస్తకం కోసం జుట్లు పట్టుకున్న ఇద్దరిని విడదీసినందుకు, బడి వదలగానే లైబ్రరీ దగ్గర దింపేసి ఆఫీసులో మరిచిపోయిన పిల్లలను తలుపులు వేసేదాకా కనిపెట్టుకుని ఉన్నందుకు ఇస్తారు. లైబ్రరీని ఉచిత ఆయా అనుకునే తల్లిదండ్రులు అన్ని జాతుల్లోనూ ఉన్నారు, మనవాళ్లేమీ వెనకబడలేదు. కథ చెప్పడం వారానికి రెండు పూటల పని. ఆ రెండు పూటల కోసం మిగతాదంతా భరించాను.

ఈమధ్య మనవాళ్ల పిల్లలు ఒకరిద్దరు లైబ్రరీ సైన్స్‌లో మాస్టర్స్ చేస్తూ నన్ను సలహా అడిగారు. ఫోన్‌లో చెప్పగలిగింది చెప్పాను. రెజ్యూమె ఎలా రాయాలి, వీసా ఎవరిస్తారు, ఇలాంటివి నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పాల్సిన సంగతి ఒకటుంది, అది ఫోన్‌లో చెప్పేది కాదు. అందుకని రాస్తున్నాను.

నేను పనిచేసింది టెక్సాస్‌లో, కాపెల్ పక్కన ఒక ఊరి లైబ్రరీలో, పిల్లల విభాగంలో. రెండువేల ఒకటిలో చేరాను, రెండువేల పదిహేనులో మానేశాను. నా పేరు వసుంధర. తెల్లపిల్లలకూ నల్లపిల్లలకూ మిస్ వాసుని, మన పిల్లలకు ఆంటీని.

మొదటి అధికారి

నన్ను పనిలో పెట్టుకున్నావిడ పేరు రూత్. పొడుగాటి మనిషి, నవ్వడం తక్కువ. ఆవిడ దగ్గర నేను రెండేళ్లే పనిచేశాను, ఆ తర్వాత రిటైరైపోయింది. మొదటివారమే నాకు ఒక సంగతి చెప్పింది. "బయటినుంచి ఎవరినైనా పిల్లల ముందుకు తీసుకొస్తే, వాళ్లకి ఏం కావాలో అందరూ అడుగుతారు. మైకా, కుర్చీయా, మంచినీళ్లా అని. ఏం వద్దో ఎవరూ అడగరు. నువ్వు అడుగు."

ఇది పెద్ద వేదాంతమేమీ కాదని అప్పట్లో అనుకున్నాను. తర్వాత పద్నాలుగేళ్లు దాన్ని అడగకపోవడం వల్ల జరిగిన గొడవలనే చూస్తూ వచ్చాను. కుక్కపిల్ల బొమ్మ చూస్తే బెదిరిపోయే పిల్లాడికి కుక్క కథ చెప్పడం దగ్గర్నుంచి, ఇప్పుడు చెప్పబోయే దానిదాకా.

కంప్యూటర్ దగ్గర కూర్చున్న మనిషి

నేను చేరిన సంవత్సరం సెప్టెంబరు తర్వాత విమానాలు తగ్గిపోయి, ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల చాలామంది ఉద్యోగాలు పోయాయి. మా లైబ్రరీ కంప్యూటర్ల ముందు పొద్దున్నే క్యూ ఉండేది. దరఖాస్తులు పెట్టుకునేవాళ్లు. వాళ్లలో ఒకావిడ రోజూ ఆరేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చేది. భారీ మనిషి, నెరిసిన జుట్టు ముడి, ముడిలో ఎప్పుడూ ఏదో ఒక పువ్వు. విమానాల్లో భోజనాలు సర్దే వంటశాలలో పనిచేసేదట, తీసేశారు. పేరు నోహేఆ. హవాయి దీవుల మనిషి.

పిల్ల పేరు నాని. మా ఇళ్లలో నాని అంటే మగపిల్లాడి ముద్దుపేరు కాబట్టి నాకు మొదట నవ్వొచ్చింది. వాళ్ల భాషలో అందం అని అర్థమట. అది ఆ పిల్ల అసలు పేరులో ఒక చివరి ముక్క మాత్రమే. మొత్తం పేరు ఒక వాక్యమంత ఉంటుంది. తల్లి, నాని రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడే పోయింది. ఎలా పోయిందో నోహేఆ చెప్పలేదు, నేను అడగలేదు.

అవ్వ దరఖాస్తులు నింపుతుంటే నాని నా దగ్గర కూర్చునేది. ఒకరోజు అవ్వ కోసం బెంగపడి ఏడుపు మొదలుపెట్టింది. నోహేఆ లేచి వచ్చి, కింద తివాచీ మీద కూలబడి, చేతులతో ఒక కథ చెప్పింది. గొంతు పెద్దగా ఎత్తలేదు. ఒక చెయ్యి అల అయింది, రెండో చెయ్యి పడవ అయింది. కాసేపటికి చూద్దును కదా, పుస్తకాలు వెతుక్కుంటున్న పిల్లలందరూ ఆవిడ చుట్టూ చేరి ఉన్నారు.

శనివారం వచ్చి మా పిల్లలకు చెబుతారా అని అడిగాను. రూత్ నేర్పిన ప్రశ్న కూడా అడిగాను, ఏం వద్దు అని. నోహేఆ నా వైపు తిరిగింది. "ఇది ఎవరూ అడగలేదు నన్ను" అంది. "సినిమాల్లో హవాయివాళ్లకు తొడిగే గడ్డి లంగాలు వద్దు. నేను ఇచ్చిన దండని చెత్తబుట్టలో వేయొద్దు. నేను ఏ కథ చెబితే ఆ కథ. ఫలానాది చెప్పమని అడగొద్దు, కొన్ని నావి కావు."

ఆ ఆఖరి మాట నాకు అప్పుడు సరిగ్గా అర్థం కాలేదు. సరేనన్నాను.

వానకి పేరు

అలా మొదలైంది. నెలకో శనివారం. వాళ్ల దీవుల నాట్యం హూలా అంటే నడుము ఊపడమే అనుకుని వచ్చిన తండ్రులు కొందరు మొదట్లో వెనక వరసలో నిలబడి కెమెరాలు పట్టుకునేవాళ్లు. నోహేఆ మెడనుంచి మడమల దాకా గౌను వేసుకుని వచ్చి, కాళ్లు పెద్దగా కదపకుండా, చేతులతోనూ కళ్లతోనూ మాత్రమే కథ చెప్పేసరికి కెమెరాలు కిందికి దిగేవి.

ఆవిడ వాయించేది ఎండిన సొరకాయ బుర్రలు రెండు ఒకదానిమీద ఒకటి అతికించిన వాద్యం. అరచేత్తో చరిచి, కింద గుడ్డమీద కొట్టి తాళం వేసేది. కొడుకు దగ్గరికి తెనాలి నుంచి ఆరునెలలకని వచ్చిన వరలక్ష్మిగారు ఏసీ కోసం మా లైబ్రరీకి వచ్చేవారు. చీరమీద కోటు, కాళ్లకు స్పోర్ట్స్ షూస్. ఆవిడ నా పక్కన చేరి, "ఏవమ్మా వసుంధరా, అది మన సొరకాయ బుర్రేగా? మనం తంబురాకి పెట్టుకున్నాం, వీళ్లు వాయించుకుంటున్నారు" అన్నారు. ఇంకాసేపు చూసి, "చెయ్యి ఎటుపోతే చూపు అటే పోతోంది. మా మనవరాలి డాన్స్ క్లాసులో ఇదొక్కటే నేర్పలేదు, తతిమ్మావన్నీ నేర్పారు" అని నిట్టూర్చారు.

నోహేఆ చెప్పిన కథల్లో ఒక జాలరి కుటుంబాన్ని కాపాడే సొరచేప ఉండేది. ఒక ముసలమ్మ రోజూ దానికి తన చేత్తో తిండి పెట్టేది. "చేప మాట వింటుందా?" అని మన కుర్రాడొకడు అడిగితే, "మీ అవ్వ మాట నువ్వు వింటావా?" అని ఎదురడిగింది. వాడు ఆలోచించి, సగం వింటానన్నాడు. చేప కూడా సగమే వింటుందని చెప్పింది.

ఒక శనివారం బయట వాన. తమ దీవిలో ఏ లోయలో పడే వానకి ఆ లోయలో వేరే పేరుంటుందని చెప్పింది. ఏటవాలుగా కొట్టే వానకొకటి, ఆకులమీద మాత్రమే చప్పుడు చేసే వానకొకటి. మీ వానకి పేరేమిటి అని పిల్లలను అడిగింది. టెక్సాస్ వానకి పేరెక్కడిది? పెట్టమంది. ఒకడు బడి వదిలేటప్పుడే పడుతుంది కాబట్టి బస్సు వాన అన్నాడు. కాపెల్ నుంచి వచ్చే సింధు అనే పిల్ల, "నాన్న లేటు వాన" అంది. ట్రాఫిక్ జామై వాళ్ల నాన్న ఆలస్యంగా వస్తాడు కదా, అదీ లెక్క. నోహేఆ ఆ పేరును గంభీరంగా రెండుసార్లు పలికి, అందరిచేతా పలికించింది.

నాని ఆ రోజుల్లో అవ్వ పక్కనే నిలబడి ఆడేది. నడుము దాటిన జుట్టు. చిన్న చేతులు, పెద్ద ఓపిక. నా ఉద్యోగంలో నేను ఇష్టపడి చూసిన దృశ్యం ఏదైనా ఉందంటే అదే.

ప్లాస్టిక్ దండలు

రూత్ తర్వాత వచ్చినావిడ డయాన్. చెడ్డ మనిషి కాదు. కష్టపడేది, సిటీ కౌన్సిల్ దగ్గర మాకోసం పోట్లాడేది. కానీ ఏ కార్యక్రమానికైనా ఎంతమంది వచ్చారన్నదే ఆవిడకు ముఖ్యం. లోపల ఏం జరిగిందన్నది తర్వాత సంగతి. ఇలాంటి అధికారులు మీకూ తగులుతారు. వాళ్లతో వాదించి లాభం లేదు, వాళ్లు నిద్రలేవకముందే పని చక్కబెట్టుకోవాలి.

వేసవి చదువుల పండుగకు డయాన్ హవాయి దినం అని పెట్టింది. పార్టీ సామాన్ల దుకాణం నుంచి పెట్టెలకొద్దీ ప్లాస్టిక్ దండలు తెప్పించింది. గడ్డి లంగాలు కూడా వచ్చాయి. నేను ముందే చెప్పాను వద్దని. "పిల్లలు సరదాపడతారు వాసూ, ప్రతిదాన్నీ సీరియస్ చెయ్యకు" అంది. లంగాలను మాత్రం నేను స్టోర్‌రూమ్‌లో పెట్టి తాళంచెవి ఎక్కడో పారేసుకున్నాను. పారేసుకోవడం నాకు బాగా వచ్చిన విద్య.

నోహేఆ ఆ పొద్దున ఎర్రటి క్రేప్ మర్టిల్ పూలు తెంపి తన చేత్తో దండలు గుచ్చి తెచ్చింది. ఉన్నవి కొన్నే, ప్లాస్టిక్‌వి చాలా. ఆట అయ్యాక పిల్లలు వెళుతూ వెళుతూ రెంటినీ కలిపి తలుపు దగ్గరున్న చెత్తడబ్బాలో పడేశారు. వాళ్లను అని లాభం లేదు, ఎవరూ చెప్పలేదు వాళ్లకు. జనం పోయాక నోహేఆ ఆ డబ్బా ముందు మోకాళ్లమీద కూర్చుని, జ్యూస్ డబ్బాల మధ్యనుంచి ఒక్కొక్క పూలదండా ఏరింది. నాని తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. అప్పటికి దానికి పదేళ్లో పదకొండేళ్లో. దాని స్నేహితురాలెవరో కార్లోంచి చూస్తోందని నాని ముఖం తిప్పుకుంది. నోహేఆ ఆ సంగతి చూసింది. నేనూ చూశాను. ఏరిన దండలను ఇద్దరం పార్కింగ్ పక్క చెట్టు మొదట్లో పెట్టి వచ్చాం. నాని ఆ తర్వాత ఆడటం మానేసింది.

పదమూడో పుట్టినరోజు

రెండువేల ఎనిమిదికి నోహేఆ ఆరోగ్యం పాడైంది. షుగరు ముదిరి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. అయినా శనివారం మానలేదు, కుర్చీలో కూర్చుని చెప్పేది. అప్పుడే డయాన్, ఊళ్లోవాళ్ల కథలను వీడియో తీసి లైబ్రరీ వెబ్‌సైట్‌లో పెట్టాలని పథకం వేసింది. ఇది మంచి పథకమే. నోహేఆ సొరచేప కథ రికార్డు చేయడానికి ఒప్పుకుంది.

ఆ శనివారం నాని పుట్టినరోజు. అవ్వను ఇంటికి తీసుకెళ్లాలి కాబట్టి బడి స్నేహితురాళ్లు ఇద్దరితో వచ్చి వెనక వరసలో కూర్చుంది. పిల్లలు, పెద్దలు కలిసి గది నిండా ఉన్నారు. సొరచేప కథ అయిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇక లేస్తారనుకుంటుండగా నోహేఆ మనవరాలిని చూసి నవ్వి, సొరకాయ బుర్ర పక్కన పెట్టేసి, ఉత్త గొంతుతో ఒక పాట ఎత్తుకుంది.

అలాంటి గొంతు అంతకుముందు ఆవిడ దగ్గర నేను వినలేదు. పాట అనడంకంటే పిలుపు అనాలి. ఛాతీ లోపలినుంచి వచ్చి, మాట చివర వణికి, మళ్లీ లేచేది. అది నాని పేరు పాట అని తర్వాత తెలిసింది. బిడ్డ పుట్టినప్పుడు ఆ బిడ్డ పేరుమీద పెద్దవాళ్లు పాట కడతారట. నాని పుట్టిన తెల్లవారుజామున పడిన వాన, ఆ వాన పేరు, అవ్వ ఇంటికి పోయే దారి, నాని తల్లి పేరు, అన్నీ అందులో ఉన్నాయట. ప్రతి పుట్టినరోజు పొద్దునా నోహేఆ దాన్ని మంచం పక్కన కూర్చుని పాడేది. ఆ రోజు పొద్దున డయాలసిస్‌కి పోవాల్సి వచ్చి పాడలేదు. ఇక్కడ పాడింది. వచ్చే ఏడాదికి తను ఉంటుందో లేదో అని భయం కూడా వేసి ఉంటుంది.

పాట సాగుతుండగానే వెనక వరసలో కిసుక్కున నవ్వు వినిపించింది. నాని స్నేహితురాళ్లు. వాళ్లు చెడ్డపిల్లలని నేను అనను, ఆ వయసు అలాంటిది. నాని చెంపలు కందిపోయాయి. లేచి బయటికి వెళ్లిపోయింది. నోహేఆ ఆపలేదు. మధ్యలో ఆపకూడదట. ఖాళీ కుర్చీ వైపు చూస్తూ చివరిదాకా పాడింది.

కెమెరా తిరుగుతూనే ఉంది, పాటతో సహా వీడియో వెబ్‌సైట్‌లోకి ఎక్కింది. రెండువారాల్లో నాని బళ్లో అందరూ చూశారు. బస్సులో ఆ గొంతును వెక్కిరించడం మొదలుపెట్టారు. క్యాంటీన్‌లో నాని కనిపిస్తే ఒకడు ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని రాగం తీసేవాడట. మధ్యాహ్నం తిండి మానేసింది. ఆ తర్వాత బడి మానేసింది. ఒకరోజు వంటగది కత్తెరతో జుట్టు చెవుల దాకా కోసేసుకుంది. హూలా కోసం పుట్టినప్పటినుంచి పెంచిన జుట్టు అది. ఈ సంగతి నోహేఆ చెబుతున్నప్పుడు కళ్లనీళ్లు పెట్టుకోలేదు. నేనే పెట్టుకున్నాను.

చెరపడం

నోహేఆ, నాని కలిసి నా దగ్గరికి వచ్చారు. నాని టోపీ కళ్లమీదికి లాక్కుని ఉంది.

"ఆ పాట తీసేయించు" అంది నోహేఆ. "పాట కట్టింది నేనే, కానీ అది నాది కాదు. ఎవరి పేరో వాళ్లది. నాని వద్దంటే నేను కూడా పాడటానికి లేదు. పాడను."

"ఇంట్లో కూడానా?"

"ఇంట్లో కూడా."

నేను డయాన్ గదికి వెళ్లాను. ఆవిడ ఓపిగ్గానే విన్నది. "ఆవిడే సంతకం పెట్టింది కదా వాసూ. పిల్ల మైనరు, గార్డియన్ ఆవిడే. పైగా ఎంతమంది చూశారో తెలుసా? మన వీడియోలన్నిటిలోకీ అదే ఎక్కువమంది చూసింది."

"చూసినవాళ్లు ఎందుకు చూశారో మీకు తెలుసా?" అని అడిగి, బస్సు సంగతీ జుట్టు సంగతీ చెప్పాను. సంతకం పెట్టినావిడది కాదు ఆ పాట అని కూడా చెప్పాను. మాటా మాటా పెరిగింది. చివరికి, వెబ్‌సైట్‌లోంచి తీసేద్దాం, టేపు మాత్రం మన దగ్గర భద్రంగా ఉంటుంది అంది. లైబ్రరీ ఉన్నదే భద్రం చేయడానికి కదా అంది. నిజం చెప్పాలంటే ఆ మాట నాక్కూడా సబబుగానే తోచింది.

బయటికి వచ్చి నోహేఆకి అదే చెప్పాను. "టేపు ఎవరూ చూడరు. పెద్దయ్యాక నానీయే అడగొచ్చు, ఉంచుదామా?"

నోహేఆ మనవరాలి వైపు తిరిగింది. తన ఇష్టమేమిటో ముఖంలో కనిపించకుండా చాలా కష్టపడింది ఆ మనిషి. నాని నేలచూపులు చూస్తూ, "చెరిపేయండి" అంది.

"నాని మాట విన్నావుగా" అంది నోహేఆ.

డయాన్‌కి చెప్పకుండానే చేశాను. వెబ్‌సైట్ చూసే కుర్రాడు తన దగ్గరున్న కాపీ తీసేశాడు. మిగిలింది కెమెరా టేపు. కథాగదిలో కెమెరా పెట్టి, సొరచేప కథ అయిపోయి పాట మొదలయ్యే చోటుదాకా టేపు జరిపి, లెన్స్‌కి మూత పెట్టి, దానిమీదే రికార్డు నొక్కాను. పాట ఉన్నచోట నల్లటి తెర పడుతుంది. ఎంతసేపు ఉంచాలో నాకు తెలియదు. "నేను చెబుతాను" అంది నోహేఆ. చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. నాని గోడకు ఆనుకుని నిలబడింది. మధ్యలో ఇద్దరూ ఏదో గొణుక్కున్నారు, నేను పట్టించుకోలేదు. కాసేపటికి నోహేఆ కళ్లు తెరిచి తల ఊపింది. ఆపాను. మనసులో పాట మొత్తం పాడుకుందని అప్పుడు అర్థమైంది.

డయాన్‌కి తెలిశాక నన్ను ఒక ఏడాదిపాటు కథల గదినుంచి తీసి పుస్తకాలు సర్దే పనిలో వేసింది. వేయనీ. అది పెద్ద శిక్షేమీ కాదు. అసలు శిక్ష నోహేఆ మళ్లీ రాకపోవడం. ఫోన్ చేస్తే, "నాని బడికి వెళుతోంది" అనేది, అంతకుమించి చెప్పేది కాదు. రెండువేల పదిలో పోయింది. చర్చిలో నాని నల్ల గౌనులో కూర్చుని ఉంది, నా వైపు చూడలేదు. తర్వాత లాస్ వేగస్‌లో ఉన్న దూరపు బంధువుల దగ్గరికి పంపేశారు.

అడిగినవాళ్లకు నా జవాబు

ఈ కథ విన్న తోటి లైబ్రేరియన్లు రెండు పార్టీలుగా విడిపోతారు. టేపు దాచి ఉంచాల్సిందని కొందరు. పిల్ల వద్దన్నాక ఉంచడానికి నువ్వెవరని కొందరు. రెండో పార్టీలో నేనున్నాను, ఇప్పటికీ ఉన్నాను. బళ్లో అందరూ ఏడిపిస్తున్న పిల్ల దగ్గర తనదంటూ మిగిలింది ఆ ఒక్క 'వద్దు' మాత్రమే. దాన్ని కూడా పెద్దవాళ్లం మా భద్రం కోసం పక్కన పెట్టి ఉంటే ఆ పిల్ల ఏమైపోయేదో చెప్పలేను. కాబట్టి నేను చేసింది తప్పని అనను. సరైన పని చేస్తే ఫలితం కూడా బాగుంటుందని మీకెవరైనా చెబితే మాత్రం నమ్మకండి. ఈ ఉద్యోగంలో పిల్లలు పెద్దవాళ్లవుతారు. పెద్దయ్యాక వచ్చి, మీరు వాళ్ల మాట విన్నందువల్ల పోయినదాన్ని మిమ్మల్నే అడుగుతారు. అప్పుడు ఏం చెప్పాలో నాకు ఏ క్లాసులోనూ నేర్పలేదు. నేనూ మీకు నేర్పలేను.

నాని మళ్లీ వచ్చింది

నేను మానేయడానికి కొన్నివారాల ముందు, ఒక మధ్యాహ్నం, ఇరవై ఏళ్ల అమ్మాయి నా డెస్కు ముందు నిలబడింది. జుట్టు మళ్లీ భుజాలు దాటింది. "ఆంటీ" అంది. మన పిల్లలను చూసి చిన్నప్పుడు నేర్చుకున్న పిలుపు. అప్పుడు గుర్తుపట్టాను.

నర్సింగ్ చదువుతోందట. వేగస్‌లో ఒక హూలా గురువు దగ్గర చేరిందట. కాసేపు తన చదువు సంగతులు చెప్పి, అసలు సంగతికి వచ్చింది.

"మా గురువుగారు పేరు పాట అడిగారు ఆంటీ. ఎవరి పాటతో వాళ్లు మొదలుపెట్టాలి. నాకు మొదటి రెండు పాదాలే వస్తాయి. చిన్నప్పుడు నిద్రలో వినేదాన్ని కదా. తర్వాత అమ్మ పేరు వస్తుందని తెలుసు, ఎలా వస్తుందో తెలియదు. దీవుల్లో చుట్టాలందరినీ అడిగాను. ఎవరూ వినలేదట. అవ్వ ఎక్కడా రాయలేదు."

నేను చేతిలో ఉన్న పుస్తకాలు బల్లమీద పెట్టేశాను.

"నేనే చెరపమన్నాను. గుర్తుంది" అంది. "అయినా అడుగుదామని వచ్చాను. ఇంకెక్కడైనా కాపీ ఉందేమోనని."

"లేదమ్మా" అన్నాను. "వెబ్‌సైట్‌ది తీసేశాం. టేపు మీద సొరచేప కథ మాత్రం ఉంది. చూస్తావా?"

కథాగదిలో పాత కెమెరాను టీవీకి తగిలించి పెట్టాను. ఇద్దరం పిల్లల కుర్చీల్లో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం. తెరమీద నోహేఆ. చేతులు అలలు అవుతున్నాయి. నాని పెదవులు కదుపుతూ కథంతా అవ్వతోపాటు చెప్పింది. చప్పట్లు. నోహేఆ వెనక వరసకేసి చూసి నవ్వింది. సొరకాయ బుర్ర పక్కన పెట్టింది. నోరు తెరిచింది.

తెర నల్లబడింది.

నేను ఆపబోయాను. "ఉండనీయండి" అంది నాని.

లెన్స్‌కి మూత పెట్టానే గానీ ఆ రోజు చప్పుడు సంగతి నాకు తట్టలేదు. మైకు పనిచేస్తూనే ఉంది. నల్లటి తెరలోంచి ఏసీ హోరు వినిపించింది. కుర్చీ కిర్రుమంది. నోహేఆ ఊపిరి, ఆ రోజుల్లో ఉండే ఆయాసంతో, ఒక లయగా వచ్చి పోతోంది. నాని ముందుకు వంగి, చెవి టీవీ దగ్గరికి తీసుకెళ్లింది.

చాలాసేపటికి టేపులోంచి పదమూడేళ్ల నాని గొంతు విసుగ్గా అడిగింది, "అయిపోయిందా?"

"ఇంకా లేదమ్మా" అంది నోహేఆ, మెల్లిగా. "మీ అమ్మ పేరు దగ్గరికి వచ్చాను."

తర్వాత మళ్లీ ఊపిరి మాత్రమే. నాని చెవి అక్కడినుంచి తీయలేదు. టేపు తనంతట తాను ఆగిపోయేదాకా అలాగే ఉంది.